కదపరాదు

ప్రతి ఏటా మార్చి మొదటి ఆదివారం, పాత ఇంజన్లను సరదాకొద్దీ నడిపే హాలోడేల్ రైలుమార్గంలో కొత్తగా చేరిన వాలంటీర్లకు నెవిల్ క్రాబ్‌ట్రీ భద్రతా పాఠం చెప్పేవాడు. షెడ్డు పక్కన నిలిపి ఉంచిన పాత ప్యాసింజరు పెట్టెలో బల్లలు వేసి దాన్ని తరగతి గదిగా మార్చారు. ఆ పెట్టె చివర, టీ డ్రమ్ము దగ్గర, డోరీన్ హెప్‌వర్త్ నిలబడేది. నిజానికి టీ కాయడం ఆమె పని కాదు. ఆమె ఇంజన్లకు రంగులు వేస్తుంది, అంకెలు రాస్తుంది, బ్రేకులు సరిచేస్తుంది. ఆ ఒక్క ఆదివారం మాత్రం టీ పని తనకిమ్మని అడిగి మరీ తీసుకునేది.

నెవిల్ ఒక ఎర్రటి రేకు బోర్డును తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. దాని మీద తెల్లటి అక్షరాలతో 'కదపరాదు' అని ఉంది.

"ఇదేంటో చెప్పండి అబ్బాయిలూ. బోర్డు అనకండి. బోర్డని మా మనవరాలు కూడా చెబుతుంది."

బోర్డును ఒకసారి అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మీ ప్రాణం. ఇంజను కిందికి దిగే ముందు దీన్ని ఇంజను ముక్కునున్న కొక్కేనికి తగిలించాలి. తగిలించినవాడే మళ్ళీ తీయాలి. నేను తీయకూడదు, ఛైర్మన్ తీయకూడదు, రాజుగారు బండి దిగి వచ్చినా తీయకూడదు. నా చేతి కింద ఒక కుర్రాడుండేవాడు. ఎనభై నాలుగులో. పనిమంతుడే. ఒకనాడు బద్ధకించి, బోర్డు పెట్టకుండా కిందికి దిగాడు. అదిగో, కిటికీలోంచి చూడండి. ఆ ఇంజనే. ఆరడుగులు కదిలింది, అంతే."

అందరూ కిటికీ వైపు తిరిగారు. బయట ఎనభై తొమ్మిదో నంబరు ఇంజను ఆకుపచ్చగా, శుభ్రంగా నిలబడి ఉంది.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు వాడికి," అన్నాడు నెవిల్ గొంతు తగ్గించి. "పెళ్ళాం కూడా ఉండేది పాపం."

ఆ పెళ్ళాం పన్నెండు కప్పుల్లో పాలు పోస్తోంది. పాఠం అయ్యాక నెవిల్ కప్పు అందుకుంటూ, "సల్లగా ఉండు తల్లీ, నీ చేతి టీకి తిరుగులేదు," అన్నాడు. ఆడవాళ్ళందరినీ అతను తల్లీ అనే పిలుస్తాడు. అలా పిలిస్తే పేర్లు గుర్తుపెట్టుకోనక్కరలేదు.

ఆ మాటలు ఆమె వినడం అది అయిదోసారి.

ఎనభై నాలుగు నవంబరులో డోరీన్ వయసు ఇరవై తొమ్మిది. రైల్వే డీజిల్ షెడ్డులో ఆఫీసు గదులు తుడిచేది. ఆమె భర్త లెన్ స్వేల్స్ అదే షెడ్డులో ఫిట్టరు. నెవిల్ వాళ్ళ ఫోర్‌మన్. ఫోర్‌మన్ గదిలో గోడకు వరసగా మేకులుండేవి. ఒక్కో మేకుకు ఒక్కో ఫిట్టరు బోర్డు. ఎవరి పేరు వాళ్ళే రాసుకునేవాళ్ళు. లెన్ రాత కుదురుగా ఉండేది కాదు. 'ఎల్. స్వేల్స్' అని రాయడానికి ఒక సాయంత్రమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. చివరి అక్షరానికి చోటు చాలక దాన్ని అంచు మీదికి వంచాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఆ ఉదయం వాన. ఇంజను సగం షెడ్డులోనూ, ముక్కు బయట వానలోనూ ఉంది. ఏడు నలభై బండికి దాన్ని పంపాలి. లెన్ చక్రాలను నొక్కిపట్టే బ్రేకు దిమ్మలు బిగించడానికి కిందికి దిగాడు. దిగే ముందు భోజనాల గదిలో కప్పునిండా టీ పోసుకుని, దాని మీద సాసరు బోర్లించి వెళ్ళాడు. అతనికి వేడి టీ పడదు. పని ముగించుకొచ్చి చల్లారిన టీ తాగడం అతని అలవాటు.

డోరీన్ ఆ కప్పును చూసింది. తర్వాత కేక వినబడింది.

ఆమె ఫోర్‌మన్ గదిలోంచి అడ్డంగా బయటికి పరుగెత్తింది. గడప దగ్గర కాలు జారింది. పడిపోకుండా గోడకు చేయి ఆనించింది. ఆ చేయి లెన్ బోర్డు మీద పడింది. మేకుకు తగిలించి ఉన్న ఆ బోర్డు తడిగా ఉంది. దాని అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మిగతా బోర్డులన్నీ పొడిగా ఉన్నాయి. ఆ క్షణాన అదంతా ఆమెకు పట్టలేదు. లెన్‌ను పాతిపెట్టిన రెండు రోజుల తర్వాత, పడక మీద కూర్చుని జోడు విప్పుతుంటే, అరచేతికి ఆ తడి మళ్ళీ తగిలింది.

విచారణలో ఆమెకు నాలుగు నిమిషాలిచ్చారు. బోర్డు వానలో వేలాడి ఉంటేనే తడుస్తుందనీ, దాన్ని ఎవరో తీసి లోపలికి తెచ్చి మేకుకు పెట్టాకే ఇంజను కదిలిందనీ చెప్పింది. బల్ల వెనకాల కూర్చున్న పెద్దమనిషి ఓపిగ్గానే విన్నాడు.

"మీరు ఆ గదులు తుడుస్తున్నారు కదా మిసెస్ స్వేల్స్?"

"అవునండీ."

"తడి గుడ్డ మీ చేతిలోనే ఉండి ఉంటుంది."

"ఉందండీ."

"అయితే తడి బోర్డుదా, మీ చేతిదా?"

ఎవరూ నవ్వలేదు. అంతా కాగితాలు సర్దుకున్నారు. నెవిల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఒక్కసారి కూడా ఆమె ముఖం వైపు చూడలేదు. బోర్డు ఎవరూ తగిలించలేదనీ, కొక్కెం ఖాళీగా ఉంటేనే తాను ఇంజను జరిపాననీ, ఎవరి బోర్డూ ముట్టలేదనీ అతను ముందే చెప్పి ఉన్నాడు. 'మృతుని సొంత నిర్లక్ష్యం' అని రాసి ఫైలు మూసేశారు. లెన్ పనిముట్ల పెట్టెను ఇంటికి పంపారు. పైనే ఉంది ఆ బోర్డు. డోరీన్ దాన్ని లెన్ పని దుస్తుల్లో చుట్టి, మెట్ల కింద అలమరాలో పెట్టింది.

తర్వాత ఇరవై ఏళ్ళు ఆమె దుకాణాల నేమ్‌బోర్డులు రాసే చోట పని నేర్చుకుని బతికింది. తన పుట్టింటి పేరు మళ్ళీ పెట్టుకుంది. ఎనభై తొమ్మిదో నంబరును రైల్వే వాళ్ళు పనిలోంచి తీసేశారనీ, పిచ్చివాళ్ళెవరో చందాలు వేసుకుని కొని హాలోడేల్‌కు తెచ్చారనీ పేపర్లో చదివింది. ఆ శనివారమే బస్సెక్కి వెళ్ళింది. ఇంజను తుప్పు పట్టి, అద్దాలు పగిలి, పక్కదారిలో పడి ఉంది. ఆమె ముందు బ్రేకు దిమ్మల దగ్గరికి వంగి చూసింది. తర్వాత ఆఫీసుకు వెళ్ళి, తనకు రంగులు వేయడం వచ్చునని చెప్పింది.

డోరీన్‌కు ఆ ఇంజనంటే ప్రాణమని అక్కడ అందరూ అనుకున్నారు. వానైనా మంచైనా వారానికి మూడు రోజులు వచ్చేది. యాభై దాటాక బ్రేకుల పని నేర్చుకుని పరీక్ష ప్యాసైంది. షెడ్డు ఇన్‌చార్జి నదీమ్ మామూలు రోజుల్లో బస్సు గ్యారేజీలో మెకానిక్కు. ఆమెను ఆంటీ అని పిలుస్తాడు.

"ఆంటీ, నిజం చెప్పు. ఈ ఎనభై తొమ్మిదిలో ఏం చూశావు నువ్వు? మనిషైతే పెళ్ళి చేసేసేవాణ్ణి మీ ఇద్దరికీ."

"చూశానులే. నువ్వు ఆ నట్టు బిగించు."

ఆమె ఇంజను కోసం రాలేదు. రిటైరైన రైల్వే వాళ్ళు ఇంట్లో కూర్చోలేరని ఆమెకు తెలుసు. వయసులో తాము నడిపిన ఇంజను ఎక్కడో మళ్ళీ నడుస్తోందని వింటే కాళ్ళు వాటంతటవే అటు లాగుతాయి. కాస్త ముందో వెనకో అందరూ వస్తారు. ఆమె పదిహేనేళ్ళు ఎదురుచూసింది. పదహారో ఏట నెవిల్ వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. కోటు మీద పాత రైల్వే బిళ్ళ మెరుస్తోంది. పేరు చెప్పగానే జనం లేచి చేతులు కలిపారు. డోరీన్ కూడా చేయి కలిపింది. అతను ఆమె ముఖం చూశాడు. చూసి, పక్కవాడి వైపు తిరిగాడు.

ఆ మరుసటి మార్చిలోనే పాఠం మొదలైంది.

మొదటి పాఠం విన్న రోజు ఆమె ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదు. నెవిల్‌ను సంపులోకి తోసెయ్యనా అనుకుంది. ఇంజను గదిలో అతని చెయ్యి ఇరికిద్దామా అనుకుంది. వారం తిరిగేసరికి అవన్నీ వదిలేసింది. అతను చస్తే ఊరంతా పూలు పట్టుకుని వస్తుంది, లెన్ మాత్రం బద్ధకస్తుడిగానే మిగిలిపోతాడు. ఆమెకు అతని ప్రాణం వద్దు. లెన్ బోర్డు పెట్టాడని అతని నోటితోనే, పదిమంది ఎదుట చెప్పించాలి.

అప్పటినుంచి అతన్ని గమనిస్తూ వచ్చింది. తొందర అతని జబ్బు. తన బండి నిమిషం ఆలస్యమైనా ముఖం కందగడ్డ అవుతుంది. నాలుగేళ్ళలో మూడుసార్లు అతను ఇతరుల బోర్డు తీయడం ఆమె కళ్ళారా చూసింది. ప్రతిసారీ ఒకటే వరస. భోజనాల గదిలోకి తల పెట్టి చూస్తాడు. ఆ మనిషి కప్పో కోటో అక్కడుంటే, 'వీడు టీ తాగుతున్నాడులే' అని గొణుక్కుంటాడు. బోర్డు తీసి, తీసుకెళ్ళి ఆఫీసు మేకుకు పెడతాడు. చక్కగా, అంచు వంకర పోకుండా. నలభై ఏళ్ళ కిందట లెన్ బోర్డు మేకుకు ఎలా చేరిందో ఆమెకు ఇప్పుడు కళ్ళముందే కనబడుతోంది.

ఆ సెప్టెంబరులో మూడు రోజుల డీజిల్ పండుగ జరిగింది. దేశం నలుమూలల నుంచి డీజిల్ పిచ్చివాళ్ళు సంచుల్లో రొట్టెలు, మెడల్లో కెమెరాలతో వచ్చారు. మొదటి రోజు పది గంటల బండికి ఎనభై తొమ్మిది. నడిపేది నెవిల్.

షెడ్డు కంచె పొడవునా తెల్లవారకముందే నలభైమంది నిచ్చెనలు వేసుకుని నిలబడ్డారు. ఇంజను షెడ్డులోంచి బయటికి రావడాన్ని వీడియో తీయడమే వాళ్ళకు పండుగ. ఎవడు ఏ మీట ఎప్పుడు తోశాడో కూడా వాళ్ళు రాసుకుంటారు. ఎనభై నాలుగులో చూసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు నలభై కెమెరాలున్నాయి.

పక్క దారిలో ఆవిరి ఇంజను వాళ్ళు బొగ్గు పొడి దులుపుకుంటూ ఎగతాళి మొదలుపెట్టారు.

"ఏం నదీమ్, మీ రేకు డబ్బాలు ఇవాళైనా కదులుతాయా, మమ్మల్ని వచ్చి తోయమంటారా?"

"మీ టీ కెటిల్ మరిగేలోపు మేం రెండుసార్లు పోయొస్తాంలే తాతా."

"గుడ్డు రొట్టె తింటున్నావా? పంది బేకన్ లేదేం?"

"నీకు తెలిసి అడుగుతావు, నాకు తెలిసి చెప్పను. పో, నీ బొగ్గు చూసుకో."

డోరీన్ ఆ నవ్వుల మధ్యలోంచే నడిచి వచ్చింది. వెనక చక్రాల బ్రేకు దిమ్మ ఒకటి వదులుగా ఉందని క్రితం రోజే పని పుస్తకంలో రాసింది. వదులన్నది నిజమే. మరో వారం ఆగినా ఫరవాలేనంత వదులు.

"ఇప్పుడే చేస్తావా ఆంటీ? తొమ్మిది నలభైకి షెడ్డు వదలాలి," అన్నాడు నదీమ్.

"ఇరవై నిమిషాల పని."

"బోర్డు పెట్టు మరి. నేను ప్లాట్‌ఫారం దగ్గర పెట్టెలు తగిలించే పని చూసుకుని వస్తా."

భోజనాల గదిలో టీ పోసుకుని బల్ల మీద పెట్టింది. దాని మీద సాసరు బోర్లించింది. తన కోటు కుర్చీకి తగిలించింది. తర్వాత చేతి తొడుగులు వేసుకుని, సంచిలోంచి లెన్ బోర్డు తీసింది. దాని వెనక వైపు, పై అంచునా, ఆ ఉదయమే ఇంజను రంగు పూసింది. ఆకుపచ్చ నూనె రంగు. పూటంతా గడిచినా ఆరదు. ముందు వైపు ఎర్ర రంగూ, తెల్ల అక్షరాలూ, లెన్ రాసిన పేరూ ముట్టుకోకుండా వదిలేసింది. కంచె వైపు తిరిగి, అందరికీ కనబడేలా ముందు కొక్కేనికి బోర్డు తగిలించింది. కెమెరాలు కొన్ని టిక్కుమన్నాయి. వాళ్ళు దేన్నయినా తీస్తారు. తొడుగులు విప్పి సంచిలో వేసి, రెంచి పట్టుకుని మెట్లు దిగి పట్టాల మధ్య గుంటలోకి వెళ్ళింది.

దిమ్మ బిగించడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత కిందికి జరిగి గుంట అడుగున కూర్చుంది. గుంట లోతు నాలుగున్నర అడుగులు. అడుగున కూర్చుంటే ఇంజను తల మీదుగా పోతుంది గాని తగలదు. ఆ సంగతి ఆమె టేపుతో కొలిచి చూసుకుంది. లెన్‌లా చేయి పైకి పెట్టి చక్రానికీ కడ్డీకీ మధ్య ఒరిగి ఉంటే వేరు. ఇంజను గురగురమంటోంది. ఆ చప్పుడుకు గుంటలో నూనె చుక్కలు వణుకుతున్నాయి. ఆమె తన మోకాళ్ళను చేతులతో చుట్టుకుంది. భయం వేయలేదు. ఈ ఇంజను కడుపు కిందే లెన్ ఆఖరిసారి పైకి చూశాడన్న మాట మాత్రం ఒకసారి మనసులోకి వచ్చింది.

తొమ్మిది ముప్ఫై అయిదుకు నెవిల్ బూట్ల చప్పుడు వినిపించింది. బూట్లు ఇంజను ముందు ఆగాయి.

"ఎవరిదిరా ఈ బోర్డు? పని పుస్తకంలో రాసింది డోరీనే కదా? తల్లీ, డోరీన్!"

బూట్లు భోజనాల గది వైపు వెళ్ళాయి. తలుపు కిర్రుమంది. మళ్ళీ వచ్చాయి.

"టీ తాగే టైమా ఇది? సరిగ్గా ఇవాళే దొరికిందా?"

కొక్కెం చప్పుడైంది. బోర్డు పైకి లేచింది. "థూ, ఎవడు పూశాడ్రా దీనికి రంగు!" బూట్లు ఆఫీసు వైపు వెళ్ళి తిరిగొచ్చాయి. ఆమె అనుకున్నదంతా అనుకున్నట్టే జరుగుతోంది.

అప్పుడు ఆమె అనుకోనిది జరిగింది. నెవిల్ వంగి, ఇంజను కిందికి గట్టిగా అరిచాడు.

"కింద ఎవరైనా ఉన్నారా?"

ఎనభై నాలుగులో అతను అరవలేదనే ఇన్నేళ్ళూ ఆమె అనుకుంది. అరిచి ఉంటే లెన్ పలికేవాడు కదా. ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. 'ఉన్నాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకుంది.

నెవిల్ మూడంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా ఆగలేదు. డ్రైవరు కూర్చునే క్యాబు తలుపు మూసుకుంది. హారను రెండు స్వరాల్లో మోగింది. బ్రేకు గాలి బుస్సుమంటూ వదిలింది. ఆమె తల మీద నూట అయిదు టన్నుల ఇనుము నెమ్మదిగా ముందుకు జరిగింది.

"ఆపు! ఆపవయ్యా! కింద మనిషుంది!"

నిచ్చెన మీది కెమెరా మనిషి అరుస్తున్నాడు. ఆ వెంటనే నలభై గొంతులు. "దిగడం నేను చూశా! బోర్డు ఉండె! ఇతనే తీశాడు!" చక్రాలు కీచుమని ఆగాయి. నాలుగడుగులు కదిలింది.

డోరీన్ లేచింది. మెట్లెక్కి పైకి వచ్చేసరికి నదీమ్ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నెవిల్ క్యాబులోంచి దిగుతున్నాడు.

"ఆంటీ, దెబ్బేమైనా..."

"ఏం లేదు."

"బోర్డెవరు తీశారు?" నదీమ్ నెవిల్ వైపు తిరిగాడు.

నెవిల్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. అదే ఆమెకు తర్వాత చాలా రోజులు గుర్తుండిపోయింది. "బోర్డా? బోర్డెక్కడుంది? అసలు తగిలించనేలేదు. చూడు, కొక్కెం ఖాళీగానే ఉంది కదా. తల్లీ, బోర్డు పెట్టకుండా దిగితే ఎట్లా? నేను చెప్పే పాఠం అదే కదా..."

"చేతులు చూపించు," అంది డోరీన్.

"ఏంటి?"

"నీ చేతులు, నెవిల్."

అతను చూసుకున్నాడు. రెండు అరచేతులూ ఆకుపచ్చగా ఉన్నాయి. ప్యాంటు మీద తుడుచుకున్న చోట రెండు పెద్ద మరకలు. క్యాబు తలుపు పిడి మీద ఒకటి.

నదీమ్ ఆఫీసులోకి వెళ్ళాడు. మేకు మీంచి బోర్డు తీసి, అంచులు పట్టుకుని బయటికి తెచ్చాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"తడిగా ఉంది," అన్నాడు.

ఈ ఒక్క మాట ఇంకొకరి నోటి నుంచి వినడానికి డోరీన్ ముప్ఫై తొమ్మిదేళ్ళు ఆగింది. ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది.

"ఇది మన షెడ్డు బోర్డు కాదే," అన్నాడు నదీమ్, ముందు వైపు తిప్పి. "ఎల్. స్వేల్స్. స్వేల్స్ ఎవరు?"

నెవిల్ ఆ పేరు వైపు చూశాడు. అంచు మీదికి వంగిన చివరి అక్షరాన్ని చూశాడు. బోర్డు తీసేటప్పుడు అతను దాన్ని చదవలేదు. చేతుల్లో పట్టుకుని ఆఫీసుదాకా నడిచాడు గాని చదవలేదు. ఇప్పుడు తలెత్తి డోరీన్ ముఖం చూశాడు. అయిదేళ్ళలో సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"నువ్వు... గదులు తుడిచే..."

"ఆఁ. నేనే."

కంచె దగ్గర ఎవరూ కెమెరాలు దించలేదు.

"నేను అరిచాను!" అన్నాడు నెవిల్. "నదీమ్, నేను అరిచానయ్యా, వీళ్ళంతా విన్నారు. అప్పుడూ అరిచాను. ఇట్లాగే వంగి అరిచాను. వాడు పలకలేదు. కప్పు వేడిగా ఉంది, ముట్టుకుని చూశాను, టీ తాగుతున్నాడనుకున్నాను. పలికి ఉంటే నేను..."

అక్కడికి వచ్చాక తానేం అన్నాడో అతనికే వినబడింది.

"అయితే బోర్డు ఉండె," అన్నాడు నదీమ్ మెల్లగా. "అప్పుడు."

నెవిల్ ఇంజను మెట్టు మీద కూలబడ్డాడు. డోరీన్ వైపు చూసి అడిగాడు.

"నువ్వు విన్నావా? ఇప్పుడు, నేను అరిచింది?"

"విన్నాను."

"మరి ఎందుకు పలకలేదు?"

"లెన్ కూడా పలకలేదు కదా," అంది డోరీన్. "పలక్కపోతే కింద ఎవరూ లేనట్టేనని నీ లెక్క. ఆ లెక్క ఎట్లా ఉంటుందో చూద్దామని."

నదీమ్ నెవిల్ జేబులోంచి డ్రైవరు కార్డు తనే తీసుకున్నాడు. నెవిల్ చేయి అడ్డం పెట్టలేదు. నదీమ్ తర్వాత తరగతి నడిచే పాత పెట్టెలోకి వెళ్ళి, గోడకు అంటించిన నెవిల్ పాఠం కాగితం చింపి తెచ్చాడు. మధ్యకు చీల్చి, పొయ్యిలో వేయబోయి, మనసు మార్చుకుని డోరీన్ చేతికిచ్చాడు. ఆమె దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుంది. ఆ కాగితంలోని ప్రతి మాటా ఆమెకు కంఠతా వచ్చు.

ప్లాట్‌ఫారం మీద నాలుగు వందలమంది ఎదురుచూస్తున్నారు. ఇంకో డ్రైవరు సిద్ధంగా ఉన్నాడు. నదీమ్ ఇంజను కింద రెండు వైపులా తనే వంగి చూశాడు. తర్వాత బోర్డు తీసుకెళ్ళి మళ్ళీ ఆ కొక్కేనికే తగిలించాడు. మొదట తగిలించినవాళ్ళే తీయాలి. వాళ్ళు తీసేదాకా ఎవరూ ముట్టకూడదు. రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

డోరీన్ భోజనాల గదిలోకి వెళ్ళి కూర్చుంది. సాసరు తీసింది. టీ చల్లారింది. లెన్ తాగేంత చల్లగా.

పది దాటింది. స్టేషను మాస్టరు వచ్చి గుమ్మంలో నిలబడి, నదీమ్‌తో గుసగుసలాడి, వెళ్ళిపోయాడు. పది ఇరవైకి నదీమ్ తల పెట్టి చూశాడు.

"ఆంటీ, బోర్డు... జనం అడుగుతున్నారు."

"తాగనివ్వు."

"సరే," అన్నాడు. వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "నాకొక్క ముక్క చెప్పి ఉంటే ఏం పోయేది?" అని అడిగాడు.

"దిగనిచ్చేవాడివా?"

"ఎట్లా దిగనిస్తా?"

"అందుకే."

కిటికీలోంచి నెవిల్ కనబడుతున్నాడు. కంచె పక్క దారిలో కార్ల వైపు నడుస్తున్నాడు. చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకున్నాడు. దారి పొడవునా నిచ్చెనలు. ఎవరూ పలకరించలేదు. ఎవరూ పక్కకు కూడా తప్పుకోలేదు. అతనే ఒక్కో నిచ్చెననూ చుట్టి వెళ్ళాల్సి వచ్చింది. చివరి నిచ్చెన దాటేదాకా డోరీన్ చూసింది. అప్పుడు కప్పు ఎత్తి, మిగిలిన టీ అంతా తాగేసింది. కప్పు కడిగింది. సాసరు కడిగింది. పొడి గుడ్డతో తుడిచి రెండింటినీ అరలో బోర్లించింది. కోటు వేసుకుంది.

బయటికి వచ్చి, పది నలభై మూడుకు బోర్డు తీసింది. తొడుగులు సంచిలోనే ఉండిపోయాయి. రంగు ఇంకా ఆరలేదు.

"కానివ్వండి," అంది. "ఇప్పుడు కింద ఎవరూ లేరు."